గడియారమునకు చిరునామా

గిలకలదిండి నుండి ఒక శ్రోత ఇటీవల మాకొక కార్డు వ్రాసిరి. ఆయన మరపడవ సరంగు. వేకువజామున రేవులో పడవ సిద్ధము చేసికొనుచు ట్రాన్సిస్టరు పెట్టుకొనుట ఆయన అలవాటు. ఆయన కుమారుడు ఆ కార్యక్రమమునే తన సెల్‌ఫోనులో వినును. వార్తలకు ముందు వచ్చు గంటల కూత ట్రాన్సిస్టరులో ముందు వినబడును. కొన్ని సెకనుల తరువాత అదే కూత సెల్‌ఫోనులో వినబడును. అయితే ఆ సెల్‌ఫోను తెరమీది గడియారము మాత్రము ట్రాన్సిస్టరు కూతతోనే సరిపోవుచున్నదట! “ఒకే పెట్టెలో రెండు కాలములు ఎట్లుండును? మేము దేనిని నమ్మవలెను? అసలు ఈ గడియారములన్నియు ఎవరిని అడిగి సరిచేసికొనుచున్నవి?” అని ఆయన ప్రశ్న.

ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పవలెనన్న సూర్యుని యొద్ద మొదలుపెట్టి, ఆకాశమున తిరుగు ఉపగ్రహములను పలుకరించి, తుదకు కార్యాలయములో ఒక మూల బీరువాలో కూర్చున్న చిన్న పెట్టె యొద్దకు రావలెను. ఆ పెట్టెను టైము సర్వరు అందురు. దానికి సరియైన కాలము తెలియుట ఒక ఎత్తు. దానిని అడుగవచ్చు గడియారములకు అది ఎక్కడ నున్నదో తెలియుట మరియొక ఎత్తు. మొదటి సంగతి అందరును మెచ్చుకొందురు. రెండవ సంగతిని సాధారణముగా మరచిపోవుదురు. చిక్కులన్నియు అక్కడనే పుట్టుచుండును.

వేళ తప్పిన ఏమగును?

గిలకలదిండి వారికి వేళ విలువ మేము చెప్పవలసిన పని లేదు. అచ్చట మొగ ఇసుక మేటలతో పూడుచుండును. పోటుమీద సులువుగా దాటిన పడవయే పాటు వేళ ఇసుకలో తగులుకొనును. పోటు దినమునకు రెండుమారులు వచ్చును గాని, నేడు వచ్చిన గంటకే రేపు రాదు. సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పట్టికలో అచ్చయిన గంటకును చేతి గడియారములోని గంటకును పొత్తు కుదిరిననే ఆ పట్టిక పనికివచ్చును.

తుపాను హెచ్చరిక సంగతియు నంతే. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెనలో కనీసము 10,000 మంది మరణించిరి. అట్టి తీరమున “తుపాను ఈ రాత్రి ఇన్ని గంటలకు తీరము దాటును” అని మేము చదువునపుడు, ‘ఇన్ని గంటలకు’ అను మాట వాక్యమునకు అలంకారము కాదు. పిల్లలను, ముసలివారిని, పశువులను మెరకకు చేర్చుటకు ఎంత వ్యవధి యున్నదో చెప్పు మాట అది.

కాలము ఎక్కడనుండి వచ్చును?

పూర్వము ఏ ఊరి మధ్యాహ్నము ఆ ఊరిదే. సూర్యుడు బందరులో నడినెత్తికి వచ్చిన సుమారు 2 నిమిషములకు గాని బెజవాడలో నడినెత్తికి రాడు. ఎద్దుబండ్ల దినములలో ఈ తేడాతో ఎవరికిని పని లేదు. రైళ్ళు వచ్చిన తరువాత ఊరికొక కాలముతో పని జరుగకపోయెను; మద్రాసు నక్షత్రశాల కాలము రైళ్ళకు ప్రమాణమయ్యెను. పిమ్మట 1906 జనవరి 1 నుండి 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ఆధారముగా భారత ప్రామాణిక కాలము ఏర్పడెను. ఆ రేఖ మన తీరమున కాకినాడకు కొంచెము తూర్పుగా పోవును. బందరు ఆ రేఖకు పడమట నుండుటచేత, అచ్చటి సూర్యుడు ఏడాది సగటున గడియారమునకు సుమారు 5½ నిమిషములు వెనుకబడి నడచును. కనుక మన గోడ గడియారము చెప్పునది మన ఊరి సూర్యుని కాలము కాదు. దేశమంతయు ఒప్పుకొన్న కాలము.

ఆ ఒప్పుకొన్న కాలమును నేడు సూర్యునినుండి గాక పరమాణువునుండి కొలుచుచున్నారు. సీజియము పరమాణువునుండి వెలువడు ఒక నిర్ణీతమైన తరంగము 9,19,26,31,770 మారులు కంపించుటకు పట్టు కాలమే ఒక సెకను అని 1967లో ప్రపంచ దేశములు నిర్ణయించుకొన్నవి. మన దేశమున ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అట్టి పరమాణు గడియారములతో భారత ప్రామాణిక కాలమును నిలుపుచున్నది. అది సార్వత్రిక సమయమునకు 5 గంటల 30 నిమిషములు ముందు నడచును. ఈ అయిదున్నర గంటలను పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథ చివర మరల దీనితో పని పడును.

పరమాణు గడియారములు ఆకాశమునను కలవు. దారి చూపు ఉపగ్రహములలో ప్రతిదానియందును అట్టి గడియారములు అమర్చబడి యుండును. అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు నిరంతరము కాలమును చాటుచున్నవి. మన దేశమువారి ‘నావిక్’ వరుసలో మొదటి ఉపగ్రహము 2013 జులై 1న మన శ్రీహరికోటనుండియే లేచెను. దాని పరమాణు గడియారములు విదేశమునుండి తెచ్చినవి. అవి కొన్ని సంవత్సరములకే చెడిపోయెను. 2023 మే 29న అదే రేవునుండి లేచిన ఉపగ్రహములో మనవారు స్వయముగా చేసిన రుబీడియము గడియారము కలదు. గిలకలదిండి సరంగు తన పడవలో దారి చూచుకొను యంత్రము ఎచ్చట నున్నానని అడుగుట, నిజమునకు, ఇప్పుడు ఎంత వేళయైనదని పలు ఉపగ్రహములను అడుగుటయే. కాలము తెలిసినగాని దూరము తెలియదు.

అడుగుట, చెప్పుట

టైము సర్వరు మేడమీద నిలిపిన చిన్న ఏంటెనా ద్వారా ఈ ఉపగ్రహముల కాలమును గ్రహించును. తరువాత కార్యాలయములోని గడియారములు, కంప్యూటర్లు, ధ్వనిముద్రణ యంత్రములు దానిని అడిగి తమ వేళను దిద్దుకొనును. ఈ అడుగుటకొక మర్యాద కలదు. దానిని ఎన్.టి.పి. అందురు. అమెరికాలో డెలావేరు విశ్వవిద్యాలయమున పనిచేసిన డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు దీనిని రూపొందించెను; దాని తొలి వివరణ పత్రము 1985లో వెలువడెను. ఆయన 2024 జనవరిలో మరణించెను.

ఆ మర్యాద ఎట్టిదో ఒక ఉదాహరణముతో చెప్పెదము. ఒక ఇంటి గడియారము నెమ్మదిగా నడచుచున్నది. ఇంటివారు ఒక కుర్రవానిచేత చీటి పంపి పెద్ద గడియారము గల మేడలో వేళ అడిగించిరి. కుర్రవాడు బయలుదేరునపుడు ఇంటి గడియారములో సరిగా 6 గంటలు. మేడకు చేరునపుడు అచ్చటి గడియారములో 6 గంటల 7 సెకనులు. వారు చీటిపై వేళ వ్రాసి తిరిగి ఇచ్చునపుడు 6 గంటల 8 సెకనులు. కుర్రవాడు ఇల్లు చేరునపుడు ఇంటి గడియారములో 6 గంటల 3 సెకనులు. ఇంటివారి లెక్కలో మొత్తము 3 సెకనులు గడచినవి. అందులో 1 సెకను మేడలో గడచినది. మిగిలిన 2 సెకనులు పోవుటకు ఒకటి, వచ్చుటకు ఒకటి. చీటిపై వ్రాసిన 6 గంటల 8 సెకనులకు తిరుగు ప్రయాణపు 1 సెకను కలిపిన, కుర్రవాడు ఇల్లు చేరిన నిజమైన వేళ 6 గంటల 9 సెకనులు. కనుక ఇంటి గడియారము 6 సెకనులు వెనుకబడి యున్నది. దారిలో పట్టిన ఆలస్యమును గూడ లెక్కకట్టి తీసివేయుటయే ఈ మర్యాదలోని గొప్పదనము. నిజమైన నెట్‌వర్కులో సెకనులకు బదులు సెకనులో వెయ్యవ వంతులు లెక్కకు వచ్చునుగాని పద్ధతి ఇదియే.

కుర్రవాడు పోవునపుడు ఎదురుగాలి, వచ్చునపుడు వాలుగాలి యైనచో ఈ లెక్క కొంచెము తప్పును. ఆ మాత్రము తప్పును ఓర్చుకొనవచ్చును. కాని కుర్రవానికి మేడ ఎచ్చట నున్నదో తెలియనిచో? వాడు చీటి పట్టుకొని ఊరంతయు తిరుగును. లేదా అసలు బయలుదేరడు. ఇక్కడనే చిరునామా సంగతి వచ్చుచున్నది.

వీధి, ఇల్లు, రేవు

నెట్‌వర్కులో ప్రతి యంత్రమునకును ఒక సంఖ్య ఉండవలెను. దానిని ఐ.పి. చిరునామా అందురు. సాధారణముగా అది చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల గుంపుగా ఉండును. ఉదాహరణమునకు 192.168.10.5 అనుకొందము. ఒక్కొక్క అంకె 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. 192.168 తో మొదలగునవి ఇండ్లలోను కార్యాలయములలోను లోపలి వాడుకకై విడిచిపెట్టిన సంఖ్యలు. వానిని ఎవరైనను తమ ప్రాకారము లోపల వాడుకొనవచ్చును.

ఈ నాలుగు అంకెలలో వీధి పేరు ఎంత, ఇంటి నంబరు ఎంత అని చెప్పుటకు రెండవ సంఖ్య కావలెను. దానికి సబ్‌నెట్ మాస్కు అని పేరు. అది 255.255.255.0 అయినచో, 255 ఉన్న మూడు స్థానములు వీధి పేరు, 0 ఉన్న చివరి స్థానము ఇంటి నంబరు. అనగా 192.168.10 అను వీధిలో 5వ ఇల్లు. ఆ వీధిలో మొత్తము 254 యంత్రములు కాపురముండవచ్చును.

మూడవది గేట్‌వే. వంతెనలు లేని దినములలో దివిసీమవారు ఆవలి ఒడ్డునకు పోవలెనన్న ఏ రేవులో పడవ ఎక్కవలెనో తెలిసి యుండవలెను. ఊరిలో తిరుగుటకు రేవుతో పని లేదు. ఏరు దాటుటకు మాత్రము రేవే దారి. అటులనే తన వీధిలోని యంత్రములతో మాటలాడుటకు గేట్‌వే అక్కరలేదు. మరియొక వీధిలోని యంత్రమునకు జవాబు పంపవలెనన్న అక్కరకు వచ్చును. మన ఉదాహరణములో అది 192.168.10.1 అనుకొందము. రేవు కూడ మన వీధిలోనే ఉండవలెను. అందరాని ఒడ్డున రేవున్నదని వ్రాసికొని లాభము లేదు.

ఈ మూడును సరిగా వ్రాయుటయే టైము సర్వరుకు చిరునామా అమర్చుట. పని చిన్నది, ఒక అంకె తప్పిన వచ్చు లక్షణములు మాత్రము వింతగా ఉండును. మాస్కును 255.255.0.0 అని పొరపాటున వ్రాసితిమనుకొందము. అపుడు ఆ సర్వరు 192.168.20 అను వేరు వీధిని గూడ తన వీధియే అని భ్రమించును. ఆ వీధి గడియారము వేళ అడిగినపుడు ప్రశ్న సర్వరుకు చేరును. జవాబును రేవుకు ఈయక సర్వరు తన వీధిలోనే కేకవేయును. వినువాడుండడు. సొంత వీధి గడియారములు చక్కగా నడచుచుండును. పొరుగు వీధి గడియారములు మూగపోవును. గేట్‌వే తప్పినను ఇదే లక్షణము. కనుక కొన్ని గడియారములు సరిగానుండి కొన్ని తప్పినచో, ఉపగ్రహమును అనుమానింపక ముందు మాస్కును, గేట్‌వేను చూడవలెను. అన్నియు ఒకేమారు తప్పినచో అపుడు ఏంటెనావైపు చూడవలెను. సముద్రపు గాలి తగులు ఊళ్ళలో ఏంటెనా తీగ కొనలు త్వరగా చిలుము పట్టును.

సత్రపు గది, సొంత ఇల్లు

చిరునామా ఇచ్చుటకు రెండు పద్ధతులు కలవు. ఒకటి, నెట్‌వర్కులోని ఒక యంత్రము వచ్చినవారికెల్ల ఖాళీగానున్న చిరునామాను కొంతకాలమునకు అద్దెకిచ్చుట. దీనిని డి.హెచ్.సి.పి. అందురు. ఇది సత్రములో గది ఇచ్చుట వంటిది. నేడు 12వ గది, మరల వచ్చినపుడు 30వ గది. వచ్చిపోవు సెల్‌ఫోనులకు ఇది చాలును. రెండవది, మార్పులేని చిరునామాను మనమే వ్రాసి ఇచ్చుట. ఊరి వైద్యుడు దినమునకొక సత్రపు గదిలో నున్నచో అర్ధరాత్రి పోయిన రోగి ఎవరి తలుపు తట్టవలెను? టైము సర్వరు అట్టి వైద్యుని వంటిది. దానికి సొంత ఇల్లే ఉండవలెను.

ఇందుకు మాకు తెలిసిన ఒక ఉదంతము కలదు. ఒక ప్రసార కార్యాలయములో క్రొత్త టైము సర్వరును తెచ్చి, పెట్టెలోనుండి తీసి, తీగలు తగిలించి, అద్దె చిరునామాతోనే నడిపించిరి. గడియారములన్నియు ముచ్చటగా ఒక్క తీరున నడచెను. కొంతకాలమునకు ఒకనాడు కరెంటు పోయి వచ్చెను. సర్వరు లేచి మరల గది అడుగగా వేరు గది దొరకెను. గడియారములు పాత గది తలుపే తట్టుచుండెను, జవాబు లేదు. అయినను అవి ఆగలేదు. చిక్కంతయు అదియే. ప్రతి యంత్రములోను ఒక చిన్న స్ఫటికపు గడియారముండును; అడిగినవాడు పలుకకున్న అది తన నడక తాను నడచును. అట్టి సాధారణ స్ఫటికము దినమునకు ఒకటి రెండు సెకనులు తప్పుట సహజము. 25 దినములలో కార్యక్రమములను మార్చు యంత్రము 40 సెకనులు ముందుకు పోయెను. ఎవరును గమనింపలేదు. ఒక సాయంకాలము మత్స్యకారులకు చదువు వాతావరణ సూచనలో చివరి రెండు వాక్యములు పలుకబడక ముందే యంత్రము తన వేళయైనదని తరువాతి పాటకు పోయెను. ఆనాడు సముద్రము ప్రశాంతముగా నుండుటచేత నష్టము కలుగలేదు. కాని ఆ రెండు వాక్యములు మరియొక దినపు వాక్యములైనచో ఏమయ్యెడిదో తలచుకొని ఆ రాత్రి అచ్చటివారు ఎవరును తృప్తిగా భోజనము చేయలేదు. దోషము ఉపగ్రహములో లేదు, పరమాణువులో లేదు. తలుపు నంబరులో ఉన్నది.

అమర్చు వరుస

ఇట్టి పెట్టెను అమర్చవలసినవారు పాటింపవలసిన వరుసను సంగ్రహముగా చెప్పెదము. మొదట కాగితముమీద పని. నెట్‌వర్కు చూచు ఉద్యోగిని అడిగి, ఎవరికిని ఇయ్యని ఒక చిరునామాను పుచ్చుకొనవలెను. అది అద్దెకిచ్చు సంఖ్యల వరుసకు వెలుపల నుండవలెను; లేకున్న ఆ సంఖ్యయే రేపు మరియొక యంత్రమునకు దక్కును. ఒకే నంబరు రెండు ఇండ్లకున్న ఉత్తరము ఒకనాడు ఒకరికి, మరునాడు మరొకరికి చేరును. అంతకంటె పట్టుబడని దోషము వేరు లేదు.

రెండవది, పెట్టెతో మొదటి పలుకు. కర్మాగారమునుండి వచ్చునపుడు దానికొక తాత్కాలిక చిరునామా ఉండవచ్చును. ముందు భాగమున మీటలు, చిన్న తెర ఉన్నచో వానితోనే క్రొత్త చిరునామా వ్రాయుట సులభము. లేకున్న ఒక కంప్యూటరును నేరుగా తీగతో తగిలించి, ఆ కంప్యూటరు చిరునామాను తాత్కాలికముగా పెట్టె ఉన్న వీధికే మార్చవలెను. వేరు వీధినుండి పిలిచిన అది పలుకదు. క్రొత్త చిరునామా వ్రాసి భద్రపరచిన మరుక్షణమే మాట తెగిపోవును. క్రొత్తవారు దీనిని చూచి యంత్రము చెడిపోయినదని భయపడుదురు. అది చెడిపోలేదు, ఇల్లు మారినది. కంప్యూటరును మరల తన చిరునామాకు మార్చి క్రొత్త ఇంటి తలుపు తట్టిన పలుకును.

మూడవది, కొన్ని పెట్టెలకు రెండు నెట్‌వర్కు ద్వారములుండును. రెండింటిని ఒకే వీధిలో పెట్టరాదు. గేట్‌వేను ఒక్కదానికే వ్రాయవలెను. రెండు రేవులు చూపిన జవాబు ఏ పడవ ఎక్కవలెనో తెలియక తడబడును.

నాలుగవది, రక్షణ. కర్మాగారపు రహస్యపదమును వెంటనే మార్చవలెను. వేళ అడుగుటకు యు.డి.పి. మర్యాదలో 123 అను సంఖ్య గల ద్వారమున్నది. ఇది టపా కార్యాలయములో మనియార్డరు కిటికీ వంటిది. ఆ కిటికీని మన ప్రాకారము లోపలివారికి మాత్రమే తెరచి, లోకమంతటికిని మూసియుంచవలెను. 2014లో దుండగులు కాపలాలేని వేలకొలది టైము సర్వర్లను ఇతరులపై జవాబుల వరద పోయుటకు పనిముట్లుగా వాడుకొనిరి.

అయిదవది, పరీక్ష. సొంత వీధినుండి ఒక గడియారముతోను, పొరుగు వీధినుండి ఒక గడియారముతోను అడిగి చూడవలెను. తరువాత పెట్టెకు కరెంటు తీసి మరల ఇచ్చి, అదే చిరునామాతో లేచినదో లేదో చూడవలెను. మేము చెప్పిన కార్యాలయములో ఈ ఒక్క పరీక్ష చేసియున్నచో ఆ రెండు వాక్యములు దక్కియుండెడివి. తుదకు చిరునామా, మాస్కు, గేట్‌వే మూడును ఒక చీటిపై వ్రాసి పెట్టెకు అంటించవలెను. వ్రాసినవారు బదిలీయై పోవుదురు; చీటి ఉండును. వీలైనచో గడియారములకు ఒక్క సర్వరునే గాక మూడు నాలుగింటిని చూపవలెను. రెండు గడియారములు తగవులాడిన ఏది నిజమో తేలదు; నాలుగున్నచో తప్పినదానిని మిగిలినవి పట్టియిచ్చును.

అయిదున్నర గంటల ఉచ్చు

ఇక మేము గుర్తుంచుకొనుమన్న అయిదున్నర గంటలు. టైము సర్వరు నెట్‌వర్కులో ఎల్లపుడును సార్వత్రిక సమయమునే చెప్పును. భారత కాలమును చెప్పదు. దానికి 5 గంటల 30 నిమిషములు కలుపుకొనుట అడిగిన గడియారము పని. ఇది తెలియక కొందరు సర్వరులోనే గంటలు కలిపి వేళను మార్చజూతురు. గడియారము కూడ కలుపును. మొత్తము 5 గంటల 30 నిమిషములు అధికమగును.

తీరవాసులకు ఇది నవ్వులాట కాదు. లోకమంతటను వాతావరణ పరిశీలనలను సార్వత్రిక సమయము ననుసరించి ఒకే క్షణమున తీసికొందురు. మన ఉదయము 5-30, 8-30 గంటల పరిశీలనలు ఆ లెక్కనుండి వచ్చినవే. మచిలీపట్నమున వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడారు కలదు. చెన్నైలోను, విశాఖపట్నములోను అట్టివి కలవు. వాని చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి తుపాను నడకను గుర్తించవలెనన్న అన్నిటి గడియారములును ఒక్క మాటమీద ఉండవలెను. గంటకు 15 కిలోమీటర్లు నడచు తుపాను అయిదున్నర గంటలలో 80 కిలోమీటర్లకు పైగా నడచును. బందరునుండి విజయవాడ అంతకంటె దగ్గర. గడియారపు తప్పు పటముమీదికి ఎక్కినపుడు అది ఊళ్ళ తప్పుగా మారును.

శ్రోతకు జవాబు

ఇపుడు గిలకలదిండి సరంగుగారి ప్రశ్నకు వత్తుము. ఆయన ట్రాన్సిస్టరులోని కూత రేడియో తరంగముమీద వచ్చును. విజయవాడనుండి బందరుకు ఆ తరంగము చేరుటకు సెకనులో వెయ్యవ వంతు గూడ పట్టదు. ఢిల్లీ వార్తలు భూస్థిర ఉపగ్రహము మీదుగా వచ్చునపుడు మాత్రము కనీసము పావు సెకను ఆలస్యమగును. సెల్‌ఫోనులోని ధ్వని అట్లు రాదు. దానిని ముక్కలుగా కోసి, కట్టలు కట్టి, ఇంటర్నెట్టులో పంపుదురు. దారిలో ఏ కట్టయైన వెనుకబడిన పాట తెగకుండుటకై సెల్‌ఫోను కొన్ని కట్టలను ముందుగా నిలువచేసికొని తరువాత వినిపించును. ఆ నిలువయే ఆలస్యము. అదే సెల్‌ఫోనులోని గడియారమో, వేళ అడిగి, దారి ఆలస్యమును లెక్కకట్టి తీసివేసికొనును. కనుకనే ఒకే పెట్టెలో కూత వెనుకబడి గడియారము సరిగా నుండును. కాలము రెండు కాదు. ఒకటి ఆలస్యమును లెక్కించినది, మరియొకటి లెక్కించనిది. గడియారము దిద్దుకొనుటకు ట్రాన్సిస్టరు కూతను నమ్మవచ్చును. సెల్‌ఫోనులో వినబడు కూతను నమ్మరాదు.

ఇండ్లలోనివారికిని దీనితో పని కలదు. సెల్‌ఫోనులో వేళను దానంతట అదే దిద్దుకొను ఏర్పాటును తీసివేయరాదు. అంగడిలోనో ఇంటిలోనో కాపలా కెమేరా పెట్టుకొన్నవారు ఒకమారు దాని తెరమీది వేళను ట్రాన్సిస్టరు కూతతో పోల్చి చూడవలెను. కొన్ని నిమిషములు తేడా యున్నచో అది సర్వరును చేరలేకున్నదని అర్థము. దాని చిరునామా, మాస్కు, గేట్‌వేలను చూడవలెను. సర్వరును పేరుతో పిలుచుచున్నచో, పేరును సంఖ్యగా మార్చిచెప్పు డి.ఎన్.యస్. చిరునామాను గూడ చూడవలెను. సరిగా 5 గంటల 30 నిమిషములు తేడా యున్నచో చిరునామాలో దోషము లేదు. దేశకాలపు అమరికలో ఉన్నది. దొంగతనము జరిగిన తరువాత కెమేరా వేళ తప్పని తెలిసికొనుటకంటె ముందే తెలిసికొనుట మేలు.

గిలకలదిండి మొగలో రేపటి పోటు మన గడియారములకొరకు ఆగదు. అది చంద్రుని మాట వినును. దానిని అందుకొనవలెనన్న మన గడియారములు నిజము చెప్పవలెను. నిజము చెప్పవలెనన్న తెలిసినదానిని అడుగవలెను. అడుగవలెనన్న ఆ తెలిసినది ఎచ్చట నున్నదో తప్పక తెలిసియుండవలెను.